పక్క చెరువాయన మర్యాద

మా చేను పక్కన రొయ్యల చెరువు తవ్వినాయన అంత మర్యాదస్తుణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఏమడిగినా ముందు ఓ నవ్వు నవ్వి, అరచెయ్యి గాల్లో ఊపి, "ఏం కాదండీ" అనేవారు.

చెరువులోకి ఉప్పునీళ్లు తోడుతుంటే మా వరి సంగతేంటని అడిగాను. "ఏం కాదండీ, మధ్యలో గట్టుంది కదా!" అన్నారు. ఆ గట్టుకే ఆయన మాటంటే గౌరవం లేకపోయింది. రెండో ఏటికి చేను తెల్లగా ఉప్పు పేరింది. మూడో ఏటికి ఆ పక్కనే ఉన్న మా ఇంటి నుయ్యీ ఉప్పనైంది. పాపం, ఆయన మనసు ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే మా గుమ్మంలో ఓ మంచినీళ్ల టిన్ను పెట్టించేవారు. ఊరంతా ధర్మాత్ముడంది. నేనూ "థాంక్సండీ" అన్నాను, గోదావరి జిల్లావాణ్ణి కదా!

ఓ మధ్యాహ్నం మా చేను కూడా చెరువుకి లీజుకిమ్మని అడగడానికి వచ్చారు. ఎండన పడి వచ్చారని మా అమ్మ నూతినీళ్లతో మజ్జిగ చేసి ఇచ్చింది. ఇచ్చింది వద్దనడం మా వైపు మర్యాద కాదు. ఆయన ఓ గుక్క తాగి, "బాగుందండీ పిన్నిగారూ, ఉప్పే కాస్త ఎక్కువైంది" అన్నారు.

"నేను ఉప్పు వెయ్యలేదు బాబూ" అంది అమ్మ.

ఆయన గ్లాసు ఖాళీ చేసి, లీజు మాటెత్తకుండా వెళ్లిపోయారు. మర్నాటి నుంచి మా గుమ్మంలోకి రెండు టిన్నులు వస్తున్నాయి.