పెద్దావిడ కుబుసం

కోళ్ళక్క కత్తి పడితే కోడికి కూడా తెలిసేది కాదు. ఎడమచేత్తో రెక్కలు మెలేసి, మోకాలి కింద నొక్కి, మెడ మీద ఒకే ఒక్క గాటు. నెత్తురు చిమ్మేలోపు అది డ్రమ్ములో పడేది, ఇంకోటి మోకాలి కిందికొచ్చేది. ఇరవై రెండేళ్ళుగా రోజుకు వంద తలకాయలు. డ్రమ్ములో కాళ్ళు తన్నుకునే చప్పుడు వింటూనే టీ తాగేది.

"జాలి లేదా అక్కా నీకు?" అని ఎవరైనా అడిగితే, "జాలి ఉన్నవాళ్ళు తినడం మానండి, నాకు పని తగ్గుతుంది," అనేది.

అలాంటి మనిషి ఇంటికెళ్ళి, చేతులు మూడుసార్లు సబ్బుతో తోముకుని, ఒక సాలీడుకు నీళ్ళు పెట్టేదంటే నవ్వనివాడు లేడు.

పైవాటాలో ఉన్న కెమిస్ట్రీ మాస్టారు బదిలీ మీద పోతూ అంటగట్టిన జీవి అది. టరాంటులా. అరచేయంత ఉంటుంది, ఒళ్ళంతా బొచ్చు. చెట్లెక్కే రకం కాదు, నేలలో బొరియ తవ్వుకుని పడుండే రకం. "ఎత్తునుంచి పడితే పొట్ట పగిలి చస్తుందమ్మా. తొట్టెలో మట్టి నిండుగా పొయ్యి, పైన బెత్తెడు మించి ఖాళీ ఉంచకు," అని చెప్పి పోయాడాయన.

కోళ్ళక్క తుచ తప్పలేదు. గాజు తొట్టెలో మట్టీ కొబ్బరిపొట్టూ కలిపి పోసి, కొంచెం తడిపి, గచ్చు దిమ్మిస చేసినట్టు పిడికిళ్ళతో కొట్టింది. అడుగున తడి, పైన పొడి. చాటుకు కుండపెంకు, నీళ్ళకు చిన్న మూకుడు. వారానికో బొద్దింక. తినకపోతే దాన్ని వెంటనే తీసేయాలి. కుబుసం విడిచేటప్పుడు సాలీడు ఒళ్ళు వెన్నముద్దలా ఉంటుంది, ఆ బొద్దింకే దాన్ని కొరుక్కు తినేస్తుంది. ఆడ సాలీళ్ళు ఇరవయ్యేళ్ళు బతుకుతాయని విని, దాన్ని పెద్దావిడ అని పిలిచేది.

పెద్దావిడ కోరలకంటే నూగు చెడ్డది. కుబుసానికి ముందు పొట్ట మీది నూగు రాల్చి, దారంతో కలిపి బొరియ వాకిట్లో పరుచుకుంటుంది. అది చేతికంటితే మంట. కంట్లో పడితే అంతే సంగతులు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ కోళ్ళక్క ముందు చెప్పేది ఒకటే: "చూడు గానీ చెయ్యి పెట్టకు. పెట్టినా మొహం తుడుచుకోకు."

ఆమె తమ్ముడు చంటోడికి మాత్రం చెప్పలేదు. ఒకరు చెబితే వినే ఓపిక వాడికి పుట్టుకతో లేదు.

పేరుకే చంటోడు, మనిషి దున్నపోతు. ఎవరు పిలిస్తే వాళ్ళ తరఫున తన్నడం వాడి వృత్తి. ఎవరూ పిలవకపోయినా తన్నేవాడు. ఆ సోమవారం సాయంత్రం తోపుడుబండి తన బైకుకు గీసుకుందని కోళ్ళ గంపలు మోసే హమాలీని ఇనపరాడ్డుతో కొట్టాడు. రెండో దెబ్బకు దవడ ముక్కలైంది. కిందపడ్డాక కూడా కొట్టాడు. ఆ హమాలీ పదేళ్ళుగా రోజూ పొద్దున్నే గంప దించి, "అక్కా, పెళ్ళికూతుళ్ళొచ్చారు, ముస్తాబు చెయ్యి," అని నవ్వించేవాడు. ఆస్పత్రిలో ఆమెను చూసి ఏదో జోకు వెయ్యబోయి, తీగలతో కట్టేసిన దవడ కదలక, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

గురువారం పొద్దున చంటోడు తలుపు తన్నుకుని వచ్చాడు.

"పోలీసులు నీ దగ్గరకొస్తున్నారంట. సోమవారం సాయంత్రం నేనెక్కడున్నాను?"

"ఎక్కడున్నావో నాకేం తెలుసు? ఇక్కడైతే లేవు."

చెంప మీద పడింది. రెండోది పెదవి చీల్చింది. కిందపడితే డొక్కలో తన్నాడు.

"ఇంట్లోనే ఉన్నాడు, అన్నం తిని పడుకున్నాడు. అంతే. చెప్పు!"

వాడి కళ్ళు తొట్టె మీదికి మళ్ళాయి. "దీన్ని గోడకేసి కొడితే?"

"ఒరే, వద్దురా! కుబుసంలో ఉంది. కదిపితే చస్తుంది. నీ కాళ్ళు పట్టుకుంటా."

అక్క గొంతులో బతిమాలుడు వినడం వాడికదే మొదటిసారి. రుచిగా ఉన్నట్టుంది, నవ్వాడు. "కోళ్ళు కోసేదానికి పురుగు మీద ప్రేమా! అయితే చెబుతావా?"

సరే అనడానికి నోరు తెరిచింది. ఆ తీగల దవడ కళ్ళముందు కదిలింది. నోరు మూసేసింది.

"చెప్పవు కదా? అయితే నోరు ముయ్. ఇక ఒక్క మాట మాట్లాడినా నాలుక కోస్తా."

మూత పీకి, చెయ్యి లోపల పెట్టి, బొరియ వాకిట్లో తెల్లటి నూగుపొరను గోళ్ళతో గీకాడు. "అబ్బ, మంట!" అని చెయ్యి విదిల్చాడు. ఉక్కపోత. నుదుటి చెమట కారి కళ్ళలోకి దిగుతోంది. ఆ చెయ్యే పైకి లేచింది.

ఒక్క మాట చాలు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పే మాటే. కోళ్ళక్క నోట్లో నెత్తురుతోపాటు దాన్నీ మింగేసింది.

వాడు రెండు కళ్ళూ తుడుచుకున్నాడు.

ఆ అరుపుకు వీధి మొత్తం లేచింది. కళ్ళు పీక్కునేట్టు రుద్దుకుంటూ, గోడకు తల బాదుకుంటూ, తొట్టెను కిందికి లాగేశాడు. గాజు భళ్ళున పగిలింది. మట్టి మాత్రం ఇటుకలా దిమ్మకు దిమ్మే నిలబడింది. ఆమె గాజుపెంకుల మీదే మోకాళ్ళూని, బొరియలోకి తొంగిచూసింది. పెద్దావిడ వెల్లకిలా పడుకుని, ఇరుకు తొడుగులోంచి వేళ్ళు లాక్కుంటున్నట్టు, ఒక్కో కాలూ మెల్లగా లాక్కుంటోంది.

అప్పుడు లేచి తమ్ముడి జుట్టు పట్టింది. కుళాయి దగ్గరికి ఈడ్చి, చేతులు వెనక్కి మెలేసి, వీపు మీద మోకాలేసి, ధార కింద తల నొక్కింది. వాడు కొట్టుకున్నాడు. ఆమె వదల్లేదు.

పోలీసులు వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు.

"సోమవారం సాయంత్రం వీడు ఇంట్లో లేడు," అంది కోళ్ళక్క, చీలిన పెదవితో. "రాసుకోండి. రాసుకుని ముందు కళ్ళాస్పత్రికి తీసుకెళ్ళండి."

జీపు ఎక్కిస్తుంటే చంటోడు గుడ్డి పిల్లిలా తల తిప్పుతూ ఏడ్చాడు. "నీకు తెలుసు! తుడుచుకోవద్దని ఒక్క మాట చెప్పొచ్చు కదే అక్కా!"

"నోరు ముయ్యమన్నావుగా," అని, దిమ్మను పెట్టడానికి టబ్బు వెతుక్కుంటూ లోపలికి పోయింది.