కామాక్షమ్మ ఆగిన చోటు

మొన్న అనంతసాగరం నుంచి ఆత్మకూరుకు వస్తుంటే, షేర్ ఆటోలో డ్రైవరు తల వెనక బిగించిన స్పీకరులోంచి కామాక్షమ్మ గొంతు వినిపించింది. కింద డ్రమ్ముల మోత, పైన ఆమె పాడిన రెండు చరణాలు, అవి అయిపోగానే మళ్లీ అవే. ఎవరో ఆమె పాటను కత్తిరించి, బీటు కలిపి నెట్‌లో పెట్టారు. శ్రుతి ఎక్కడా చెదరలేదు. పై స్థాయికి వెళ్లేముందు ఆమె గొంతులో వచ్చే చిన్న జీరను కూడా తుడిచేశారు. పక్కన కూర్చున్నాయన మోకాలి మీద తాళం వేస్తున్నాడు. గొంతు ఆమెదే. కానీ అలా ఆమె ఏనాడూ పాడలేదు. వినలేక ఊరు రాకముందే దిగి, మిగతా దారి నడిచాను.

కామాక్షమ్మది ఉదయగిరి. హరికథలు చెప్పేది. తమ్ముడు ఓబులేసు ఆమెకు మృదంగం వాయించేవాడు. నేను ఆత్మకూరులో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతూ, సెలవు రోజుల్లో తిరునాళ్లకు మైకుసెట్లు చూసుకునేవాణ్ణి. వింజమూరులో ఒక ఉత్సవానికి ఆమె కథ పెట్టారు. కథ ముగిశాక అందరూ ఆమె చుట్టూ చేరుతుంటే, వాళ్లను తప్పించుకుని చిడతలు చేతిలో పట్టుకునే నా దగ్గరికి వచ్చింది. మెచ్చుకుంటుందనుకున్నాను. "అబ్బయ్యా, నా గొంతు ఊరంతా వినపడతా ఉండాది. నా కాలు మాత్రం ముందు వరసోళ్లకే వినపడతా ఉండాది. కథలో సగం కాల్లోనే ఉండాదిరా. దానికేమన్నా చెయ్యగలవా?" అంది. అప్పటికి నాకు తెలిసిన సంగీతమంతా బాక్సుల సైజులోనూ వైర్ల పొడవులోనూ ఉండేది. చేస్తానన్నాను.

మొదట గజ్జెల పట్టీలో చిన్న మైకు దాచాను. తర్వాత అగ్గిపెట్టెలో పట్టేంత సెన్సర్ పెట్టి, ఆమె అడుగు వేస్తే నా ల్యాప్‌టాప్‌కు తెలిసేలా చేశాను. అది చూశాకే ఆమెకు సొంత కథ ఒకటి పుట్టింది. ఆమె అమ్మ వైపు వాళ్లు సీతారామపురంలో గొర్రెలు కాసినవాళ్లు. కరువు ఏడాది ఒక తల్లి మందను తోలుకుని నీళ్ల కోసం సోమశిల దాకా నడిచిన కథ అది. వేదిక మీద ఆమె ఒక్క అడుగు వేస్తే, జనం వెనక పెట్టిన స్పీకర్లలో మంద మెడగంటలన్నీ కదలాలి. ఆ గంటల కోసం సీతారామపురం మెట్టల్లో మందల వెంట తిరిగి రికార్డు చేసుకొచ్చాను. ఉదయగిరి కొండ కింద ఆమె ఇంటి ముందుగదిలో సాధన మొదలుపెట్టాం.

అడుగుకూ గంటకూ మధ్య ఎడం రాకుండా ఒక తెలివైన పని చేశాననుకున్నాను. ఆమె లయను బట్టి తర్వాతి అడుగు ఎప్పుడు పడుతుందో ప్రోగ్రామే ముందుగా ఊహించి గంటలు మోగించేది. ఒకరోజు ఆమె పాదం ఎత్తి, కింద పెట్టకుండా ఆపింది. గంటలు మోగిపోయాయి. ఓబులేసు చెయ్యి మృదంగం మీద నిలిచిపోయింది.

"నేను అడుగెయ్యకముందే గొర్రెలు ఎట్టా నడిచినాయిరా?" అంది.

"తాళం లెక్క కట్టుకుని ముందే సిద్ధంగా ఉంటుందమ్మా."

"నేను యాడ ఆగతానో నాకే తెలవదు. దానికెట్టా తెలిసింది? నాకంటే ముందు నడిచేదానితో నేను కథ చెప్పలేను. తీసెయ్యి."

రాసిందంతా తీసేశాను. ఆ వేసవి అంతా ఆమె చేత తిట్లు తింటూ, వేచి ఉండటం మాత్రమే తెలిసిన ప్రోగ్రాము రాశాను. ఆమె కదిలితే కదలాలి. ఆగితే, ఎంతసేపైనా సరే, నోరు మూసుకుని ఉండాలి. చదువుకునేటప్పుడు నాకు వేగం నేర్పారు. ఆగడం ఒక పని అని, దానికీ నైపుణ్యం కావాలని నాకు చెప్పింది కామాక్షమ్మ ఒక్కతే.

ఆ కథ మొదట సీతారామపురంలోనే చెప్పింది. నడవలేక ఒక గొర్రెపిల్ల దారిలో పడిపోయే ఘట్టం దగ్గర ఆమె నిలబడిపోయింది. మృదంగం లేదు, గంటలు లేవు. ఎంతకీ కదలదు. అప్పుడు జనంలోంచి ఒక ముసలి కాపరి, మందను వెనక్కి పిలిచే కేక ఒకటి గొంతెత్తి వేశాడు. ఎవరూ నవ్వలేదు. కామాక్షమ్మ అతని వైపు తిరిగి, అదే కేకను రాగంలో అందుకుని ఒక్క అడుగు వేసింది. జనం వెనక గంటలన్నీ ఒక్కసారిగా కదిలాయి. వెనక కూర్చున్న ఆడవాళ్లు మంద నిజంగా వచ్చిందేమోనని లేచి చూశారు. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఆ సాయంత్రం చేసిందే.

దాని వీడియో చూసి హైదరాబాదు నుంచి పిలుపొచ్చింది. సంగీతాన్నీ సాంకేతికతనూ కలిపి చేసే ప్రదర్శనల ఉత్సవమట. నిర్వాహకుడు మర్యాదగల మనిషి. మేం అక్కడికి వెళ్లగానే, వెనక పెద్ద తెర మీద కరువు బొమ్మలు కదులుతాయని, వాటికి కథ క్షణం తప్పకుండా కలవాలని, అందుకు ఆమె చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టి టిక్కుటిక్కుమనే తాళం వినిపిస్తామని చెప్పాడు. బొమ్మలే ఆమె కోసం ఆగేలా చేయవచ్చని నేనన్నాను. లైట్లూ తెరా అన్నీ ముందే బిగించేశాం, ఇప్పుడు కుదరదన్నాడు.

కామాక్షమ్మ ఒప్పుకోలేదు. ఒప్పించింది ఓబులేసు. "అక్కా, గుళ్లలో మనల్ని పిలవడం మానేసినారు. మిషన్ కథ అంటా ఉండారు. ఇదీ ఒద్దంటే నేను మృదంగం యాడ వాయించేది?" అన్నాడు. ఆమె తమ్ముడి మొహం వైపు చూసి, ఇయర్‌ఫోన్ కోసం చెయ్యి చాపింది.

ఆ రోజు ఏ పొరపాటూ జరగలేదు. గొర్రెపిల్ల పడిపోయింది, తెర మీద దుమ్ము లేచింది, లెక్క ప్రకారం ఆమె ఆగింది, లెక్క ప్రకారం కదిలింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తెర వెనక ఆమె కుర్చీలో కూర్చుని గజ్జెలు విప్పకుండా నన్ను పిలిచింది.

"నేను బాగా చెప్పలేదు గదరా?"

"చెప్పలేదమ్మా."

"మరి వాళ్లెందుకు లేచినారు?"

బయట చప్పట్లు ఇంకా ఆగలేదు. ఆమె తల వంచుకుని వింటూ కూర్చుంది.

తర్వాత కొన్నాళ్లకు సీతారామపురం వాళ్లే మళ్లీ పిలిచారు. ఆ ముసలి కాపరి ముందు వరసలోకి వచ్చి కూర్చున్నాడు. గొర్రెపిల్ల ఘట్టం వచ్చింది. చెవిలో ఏమీ లేదు. అయినా హైదరాబాదులో ఎంతసేపు ఆగిందో సరిగ్గా అంతసేపే ఆగి, కామాక్షమ్మ అడుగు వేసేసింది. నా ప్రోగ్రాము ఆమె కోసం ఎంతైనా వేచి ఉండగలదు. కానీ ఆమే వేచి ఉండలేకపోయింది. కేక వేయబోయిన ముసలాయన నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అది నేను చూశాను. ఆమె కూడా చూసింది.

కథ పూర్తి చేసి, కారెక్కాక అంది: "అది ఇంకా చెవిలో కొడతానే ఉండాదిరా. ఇంట్లో బియ్యం ఏరేటప్పుడు గూడా కొడతా ఉండాది." పోతుందిలే అక్కా అన్నాడు ఓబులేసు. పోలేదు. ఆమె మళ్లీ కథ చెప్పలేదు. హైదరాబాదు వాళ్లు ఒకసారి ఫోను చేసి, మీరు రాలేకపోయినా ఫరవాలేదు, మీ రికార్డింగు మా దగ్గర ఉంది, ఒక డాన్సర్‌తో నడిపించుకుంటాం అన్నారు. "నడిపించుకోండి" అని ఫోను పెట్టేసింది. ఓబులేసు ఇప్పుడు నెల్లూరులో ఒక భజన బృందంలో వాయిస్తున్నాడు. ఆమె పోయిన ఏడాది జ్వరంతో పోయింది. ఆసుపత్రి మంచం మీద కూడా ఆమె వేళ్లు దుప్పటి మీద ఒకే లెక్కన ఆడుతుండటం చూసి, నేను వాటి మీద నా చెయ్యి పెట్టి పట్టుకున్నాను.

ఇప్పటికీ ప్రదర్శనల పని నేర్చుకోవడానికి కుర్రాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. మనిషి కోసం యంత్రం ఆగాలని నేనంటే సరేనని తలూపి, మరొకరి దగ్గరికి వెళ్తారు. వాళ్లకు బహుమతులూ వస్తున్నాయి. ఆమె నేర్పిన విద్యకు గిరాకీ లేదు. అది మాత్రం నన్ను వదల్లేదు. ఎవరైనా మాట ముగిస్తే నేను వెంటనే జవాబివ్వలేను. క్లాసులో పిల్లలు నేను పాఠం మరిచిపోయాననుకుంటారు. "వినపడిందా లేదా?" అని నా భార్య విసుక్కుంటుంది. వినపడుతుంది. ఎదుటి మనిషి ఇంకేదో చెప్పబోతున్నాడేమోనని ఆగుతాను. చాలాసార్లు ఏమీ ఉండదు. అయినా ఆగుతాను.