నాలుగు ఇడ్లీల లెక్క

మొన్న తార్నాక మెట్రో స్టేషన్ కింద టిఫిన్ తింటూ, వైద్య జన్యుశాస్త్రంలో కొత్తగా చేరిన మా మనవరాలు ఫోనులోని పారిభాషిక పదాలన్నీ గడగడా అప్పజెబుతుంటే ముచ్చటేసింది గానీ, ప్లేటులో నాలుగు ఇడ్లీలు కనబడగానే నా మనసు పాత క్యాంపసు గేటు దగ్గరికి పరుగెత్తింది.

డాక్టర్లూ, జీవశాస్త్రం వాళ్లూ, లెక్కల వాళ్లూ ఒకే గదిలో కూర్చుని ఒకరి మాట ఒకరికి అర్థంకాక తలలు పట్టుకునే నేను చదివిన ఆ జన్యుశాస్త్ర విభాగంలో మా గైడు ఒక పద్ధతి పెట్టారు. ఒక్కో పదం ఒక్కో అట్టముక్క మీద రాసుకుని, మా చదువుతో సంబంధం లేనివాళ్లకు చెప్పాలి, వాళ్లు దాన్ని తిరిగి మాకు చెప్పాలి, అప్పుడే అట్ట మీద ఆయన సంతకం. నేనేమో నోరు తెరిస్తే ఆపడం తెలియని పిల్లను, తిరిగి చెప్పించుకోవడం దండగని ఆ సగం ఎగ్గొట్టేదాన్ని.

గేటు బయట టిఫిన్ బండి నడిపే అక్కే నా శ్రోత. గోల్నాకలో ఉండే ఆమె చెల్లెలి మొదటి బిడ్డకు తలసేమియా, నెలనెలా రక్తం ఎక్కించాలి. చెల్లెలు మళ్లీ నెల తప్పిందనీ, కడుపులో బిడ్డకు పరీక్ష చేయించమన్నారనీ అక్క దిగులుపడుతుంటే, నా అట్ట మీద సరిగ్గా అదే ఉంది: పునరావృత ప్రమాదం, అంటే తరవాతి బిడ్డకూ అదే జబ్బు వచ్చే అవకాశం, నాలుగింట ఒకటి. గొప్పగా ఒక ఇడ్లీ కింద కారప్పొడి దాచి, నాలుగింటిలో ఒకటి ఇలా తగులుతుందని చెప్పి, ఆ ఇడ్లీ నేనే తినేసి, అక్క తిరిగి చెప్పిందని గైడుకు అబద్ధమాడి సంతకం పెట్టించుకున్నాను.

వారం తరవాత అక్క నాకు అడగకుండానే రెండు వడలు వేసింది.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. కారం ఇడ్లీ పెద్దోనికే పోయింది గద. ఇగ మిగిలిన మూడూ మంచియే. పరీక్ష వద్దని చెల్లెకు చెప్పిన."

వడలు పక్కన పెట్టేశాను. ఖాళీ ప్లేటు తీసుకుని మళ్లీ నాలుగు ఇడ్లీలు, ఒకదాని కింద కారం పెట్టి, ఆమెను అటు తిరగమని వాటిని అటూ ఇటూ మార్చి, ఒకటి తీయమన్నాను. అవన్నీ పక్కన పెట్టి, ఇంకో ప్లేటు అలాగే. మూడో ప్లేటుకు ఆమె చెయ్యి ఆగింది.

"అంటే ప్రతి కాన్పుకు కొత్త ప్లేటేనా?"

ఔనన్నాను. ఆమె అప్పటికప్పుడే స్టవ్వు ఆర్పేసింది. మిగిలిన ఇడ్లీల గిన్నెతో ఇద్దరం బస్సెక్కి గోల్నాక వెళితే, చెల్లెలికి అంతా తనే చెప్పింది. పైగా ఆమెతో తిరిగి చెప్పించుకుంది కూడా. నా జన్మలో నేను నోరు మూసుకుని కూర్చున్న మొదటి రోజది. పరీక్ష సమయానికే జరిగింది, బిడ్డకు ఏ జబ్బూ లేదని తేలింది. అది వాళ్ల అదృష్టం, నా గొప్ప కాదు.

నా అబద్ధం ఒప్పుకుంటే, గైడు ఆ అట్ట చింపేసి, కొత్తదాని మీద 'ప్రతి కాన్పుకు కొత్త ప్లేటు' అన్న అక్క మాటే రాసి, సంతకం పెట్టి, పడీపడీ నవ్వారు. అదింకా నా బీరువాలో ఉంది.

ఆ బండి ఉన్నచోట ఇప్పుడు మెట్రో స్తంభం ఉంది. రిపోర్టులు మనుషులకంటే ముందే ఇల్లు చేరుతున్నాయి, ప్రతి పదానికీ అర్థం ఫోనులోనే దొరుకుతోంది, మంచిదే. కానీ ఆ రిపోర్టు చదివిన తల్లికి ఏం అర్థమైందో అడిగి, ఆమె చెప్పేదాకా ఎదురుగా కూర్చునే తీరికే ఎవరికీ ఉన్నట్టు లేదు. అందుకే మనవరాలి ఫోను తీసి నా సంచిలో వేసుకుని, ఇంకో ప్లేటు ఇడ్లీ, కాస్త కారప్పొడి తెప్పించాను.