మూడో పిలుపు

తెనాలి బస్టాండులో కండక్టరు "రేపల్లె, రేపల్లె, రేపల్లె" అని మూడుసార్లు అరిస్తే ఈ వయసులోనూ నా చెయ్యి మెడ దగ్గరి ప్లీడరు తెల్లపట్టీ కోసం తడుముకుంటుంది. మొన్న అలాగే తడుముకుంటే, నా గొలుసు పోయిందేమోనని పక్కావిడ కంగారుపడి బెంచీ కింద వెతికింది. నాకు గుర్తొచ్చింది ఏసుపాదం గారి గొంతని ఆవిడకెలా చెప్పను?

ఏసుపాదం గారు మా రేపల్లె పాత కోర్టులో బంట్రోతు. కేసు వంతు రాగానే వరండాలోకొచ్చి పార్టీ పేరు మూడుసార్లు పిలవడం ఆయన పని. మూడో పిలుపుకీ పలక్కపోతే కేసు కొట్టేస్తారు. ఆదివారాలు లూథరన్ చర్చిలో పాట ఎత్తుకునే గొంతది. ఆయన పిలిస్తే ఎదురు హోటల్లో ఇడ్లీ తింటున్న సాక్షి చెయ్యి కడుక్కోకుండానే వచ్చేవాడు. ఎనభైల్లో బాపట్ల నుంచి జూనియర్ ప్లీడరుగా వచ్చిన నాకు ఆ భవనం చరిత్ర చెప్పింది ఆయనే. కోర్టు కాకముందు అది ధాన్యం గోదామట. "అప్పుడు ఎలకలుండేయమ్మా, ఇప్పుడు సాక్షులున్నారు. ఎలకలే నయం, ప్రమాణం చేసేయి కాదు" అనేవారు.

గోడలు బీటలిచ్చి ఆ భవనాన్ని పడగొట్టాక, కోర్టు రెండు వీధుల అవతల ఒక అద్దె మేడలోకి మారింది. అక్కడ మొదటిరోజే నా మొదటి సొంత కేసు. అడవులదీవి సువార్తమ్మ గారి అరెకరాన్ని, భర్త పోగానే మరిది ఆక్రమించుకున్నాడు. ఆమెకు తిండి పెట్టేది ఆ పొలం చెక్కే. కోర్టు మారిందని ఆమెకు రెండుసార్లు చెప్పాను. తీరా నేనే రిక్షా ఎక్కి "కోర్టుకి" అన్నాను. అతను అలవాటు కొద్దీ పాతచోటికి తొక్కాడు, నేను అలవాటు కొద్దీ దిగాను. ఎదురుగా ఇటుకల గుట్ట. సరిగ్గా పాత వరండా ఉన్నచోట సువార్తమ్మ గారూ, మరో నలుగురూ వరసగా కూర్చుని పిలుపు కోసం చూస్తున్నారు.

"మీరు లోపలికెళ్లండమ్మా, మేం ఇక్కడే ఉంటాం" అందామె. ఏ లోపలికి?

అప్పుడే మేడల మీదుగా "సువార్తమ్మా" అని వినబడింది. ఆమె గుట్ట మీంచే పలికింది. పరుగెత్తాం. ఒక వీధి దాటేసరికి రెండో పిలుపు. మూడోది మాత్రం ఎంతకీ రాలేదు. చేరేసరికి ఏసుపాదం గారు వరండాలో కూజా పక్కన నిలబడి నీళ్లు చుక్క చుక్కగా తాగుతున్నారు. మూడోసారి పిలిచావా అని లోపల్నుంచి జడ్జిగారు అడుగుతున్నారు.

"గొంతు పట్టేసిందండి. ఒక్క గుక్కండి."

అది నాలుగో గ్లాసని గుమాస్తా తర్వాత చెప్పాడు. మమ్మల్ని చూసి ఆయన గ్లాసు దించి, మూడడుగుల దూరంలో రొప్పుతున్న సువార్తమ్మ గారిని ఊరు అదిరేలా మూడోసారి పిలిచారు.

సాయంత్రం నన్ను ఆపి, పార్టీ పొరపాటు పడిందంటే అర్థముంది గానీ ప్లీడరు గారు కూడానా అని మందలించారు. మేం అక్కడుంటామని ఎలా తెలిసిందని అడిగాను.

"పొద్దున నేనూ అక్కడికే వెళ్లానమ్మా. తలుపు తాళం తీద్దామని."

అరెకరం సువార్తమ్మ గారికే దక్కింది. కోర్టు స్థలంలో ఇప్పుడు షాపింగ్ కాంప్లెక్సు ఉంది. సాక్షుల బోను ఉన్నచోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఏసుపాదం గారు పోయి చాలాకాలమైంది. ఆయనకు సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదన్న బాధ నాకింకా ఉంది.

వాయిదా రోజున జూనియర్లు ఆలస్యమైతే రెండుసార్లు ఫోన్ చేస్తాను. తిట్టడానికి మూడోసారి చేసేముందు మంచినీళ్లు తాగుతాను. ఒక్కోసారి నాలుగు గ్లాసులవుతాయి.