పసుపు చేనులో దొరికిన వెండి బిళ్ళ

నా కొడుకు పోయాడు. పొద్దున్నే చేనుకు నీళ్లు పెట్టడానికి పోయినవాడు మోటారు దగ్గరే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. కరీంనగర్ దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందని ఫోను వచ్చింది. అప్పుడు నేను వాడి కోసమే రొట్టెలు చేస్తున్నాను. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. వాడి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

అక్షరం కనబడితే చదవకుండా వదిలేవాడు కాదు. మిర్చీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి చదివేవాడు. ఎరువు సంచి మీద ఏముందో, మందు డబ్బా మీద ఏముందో నాకు వినిపించేవాడు. "గవన్ని నాకెందుకురా, అన్నం తిను" అంటే, "రాసినోడు ఎవలన్న సదువాల్నని రాసిండు గదనే అవ్వా" అనేవాడు.

పోయిన చలికాలం పసుపు చేను గట్టు వెంట పైపు కోసం తవ్వుతుంటే చిన్న బిళ్ళ పారకు తగిలింది. కడిగితే వెండి. ఒకవైపు తలకు ఆకుల దండ కట్టుకున్న మగమనిషి ముఖం. రెండోవైపు కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, చేతిలో కొమ్మ. చుట్టూ ఏవో అక్షరాలు. వాడు ఉరుక్కుంటూ ఇంటికి వస్తే నేను గడప దగ్గరే ఆపాను. భూమిలో దొరికిన సొమ్ము ఇంట్లోకి తెస్తే ఇంటి మనిషిని అడుగుతుందని మా పెద్దలు చెప్పేవారు.

"లోపటికి తేకు. దొరికిన కాడనే పెట్టి రాపో."

"లంకెబిందె గాదే, గోరంత బిళ్ళ."

"గోరంతదైనా వద్దు."

నా మాట కాదనలేక పాత రుమాలులో చుట్టి, చేనులో మోటారు స్టార్టర్ డబ్బాలో పెట్టాడు. నేను సద్ది పట్టుకుపోతే తీసి చూపించేవాడు.

"గీమె ఎవలంటవ్ అవ్వా?"

"నాకేం ఎరుక? ఏ దేవతనో."

"దేవత గాదు. నీ లెక్కనే కూసున్నది సూడు, కొడుకు ఆలిశంగొస్తే కొమ్మతోని కొడుదామని."

వెండి దుకాణం సేటుకు చూపిస్తే, తూకం వేసి, పట్టగొలుసుకు కూడా చాలదు, కరిగించడానికి తప్ప పనికిరాదని తిప్పి ఇచ్చాడట. "తూకమేసిండు గని సదువలేదే" అని వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కరీంనగర్ మ్యూజియంలో ఇలాంటివి చదివేవాళ్ళు ఉంటారని తెలుసుకుని నన్నూ రమ్మన్నాడు. పసుపు ఉడకబెట్టడం అయినంక పోదామన్నాను. పసుపు ఉడికింది, ఎండింది, మార్కెట్టుకు పోయింది. మేం పోలేదు.

దినాల నాడు మా ఆడబిడ్డ నా పక్కన కూర్చుని, "గా బిళ్ళనే మింగింది వదినా పిలగాన్ని. ఇంకొకలను అడగకముందే గంగల పడేసి రా" అంది. నాకూ భయమేసింది. పడేద్దామనే చేనుకు పోయి డబ్బా తెరిచాను. రుమాలు విప్పితే, కూర్చున్న ఆమె మీద వెండి మెరుస్తోంది. వాడు బొటనవేలితో రుద్దీ రుద్దీ అక్కడ నిగ్గు తేల్చాడు. చదివించకుండా నీళ్లలో పడేయడానికి చెయ్యి రాలేదు.

కోడలిని వెంటబెట్టుకుని కరీంనగర్ బస్సెక్కాను. మ్యూజియంలో ఒక మేడం అద్దం పెట్టి చాలాసేపు చూసింది. "రోము దేశం నాణెం అమ్మా. రెండువేల ఏండ్ల కిందిది. యాపారానికి వచ్చినోళ్ల చేతుల మీదుగ మన దిక్కు వచ్చింది. వెండి లెక్క చూస్తే ఏమంత లేదు. కని ఏ చేన్ల దొరికిందో తెలుస్తున్నది చూడు, దాని విలువ అదీ."

"గీమె ఎవలు మేడం?"

"ముందలున్నది రాజు. ఈమె ఆయన తల్లి అంటరు."

"నా కొడుకు సదువకుండనే చెప్పిండు" అన్నాను. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. వాడు అన్నాళ్ళు అడిగిన మాటకు జవాబు మా ఊరి నుంచి ఒక్క బస్సు దూరంలో ఉంది. ఎందరో బేరగాళ్ల చేతులు మారి వచ్చిన ఆ బిళ్ళ వాడిని మింగలేదని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసి ఏం చేసుకోను?

భూమిలో దొరికింది సర్కారుకే చెందుతుందంటే అక్కడే అప్పజెప్పాను. మేడం చిన్న డబ్బాలో దూది పరిచి, రాజు ముఖం పైకి వచ్చేలా పెట్టింది. తల్లి అడుగున, దూదిలోకి తిరిగి ఉంది. మా చేను మట్టిలో ఇద్దరూ అన్నేండ్లు ఒకే బిళ్ళ మీద, వీపుకు వీపు ఆనించుకుని ఉన్నారు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు.