రూతుకి కొన్న గ్లాసు

సుగుణ పేరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడ మీద కాదండి, ఆవిడ చుట్టూ ఉన్న జనం మీద. ముక్తేశ్వరం అవతల చిన్న పేటలో కొబ్బరి పీచుతో తాడు పేనుకు బతికే మనిషి. ఒంటి నిండా గోధుమరంగు మచ్చలు, మెడ మీదా చేతుల మీదా శనగగింజలంత బుడిపెలు. అంతే, పెద్దరోగం అనేసేరు.

నేను కుష్ఠు క్లినిక్కులో నర్సుని. డెబ్భై నాలుగులో ఆవిణ్ణి మొదటిసారి తీసుకొచ్చేరు. కళ్లు మూయించి మచ్చల మీద కోడి ఈకతో రాసేను. ఎక్కడ రాస్తే అక్కడ టక్కున వేలు పెట్టింది. "చక్కిలిగింతలండీ సిస్టరుగారూ!" అని నవ్వింది కూడా. కుష్ఠు మచ్చకి స్పర్శ ఉండదు కదా! ఇది ఆ రోగం కాదని చీటీ రాసిచ్చేను. డెబ్భై ఎనిమిదిలో మళ్లీ తీసుకొచ్చేరు. ఎనభై ఒకటిలో మళ్లీ. అదే ఈక, అదే నవ్వు, అదే చీటీ. కాదు మొర్రో అంటే వినే నాథుడేడీ?

పైగా కూతురు రూతుకి పుట్టుకతోనే అవే మచ్చలు. "చూసేరా, అంటుకుంది" అన్నారు. ఖర్మ! అంటుకోవడం కాదు, కడుపులోనే వచ్చిందని కాకినాడ పెద్ద డాక్టరుగారు చెప్పేరు. మన ఒంట్లో కణాలకి పెరగమని సంకేతాలు వస్తుంటాయట. ఇంక చాల్లే, ఆగు అని వాటిని అణచడం ఒక జన్యువు పని. అది పాడైతే నరాల వెంబడి ఇలా బుడిపెలు లేస్తాయి. ఆ జన్యువు చేసే పని డాక్టర్లకే చాలా ఏళ్ల తర్వాత తెలిసిందనుకోండి. కానీ తల్లి నుంచి బిడ్డకి రావచ్చు గానీ, పక్కన కూర్చున్నవాళ్లకి చచ్చినా రాదని మాత్రం అప్పుడే తెలుసు. నేను గొంతు చించుకుని చెప్పేను.

ఎనభై ఆరులో సుగుణ తనంతట తనే వచ్చింది. వాళ్ల ప్రార్థన మందిరంలో ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరికీ ద్రాక్షరసం గిన్నె ఒకటే, వరసలో చేతులు మారుతుంది. సుగుణ ఆడవాళ్ల చాప చివర కూర్చునేది, ఆవిడకి వేరే స్టీలు గ్లాసు. పదేళ్లుగా అందులోనే తాగిందట, నాకు ఒక్క ముక్క చెప్పలేదు!

"నా సంగతి పోనీయండి. రూతు మొన్న బాప్తిస్మం తీసుకుందండి. ఈ ఆదివారమే అది మొదటిసారి తాగడం. దానికీ ఓ గ్లాసు కొన్నారండి" అని ఏడ్చింది.

నాకు నషాళానికంటింది. ఆదివారం పొద్దున్నే వెళ్లేను. సంఘపెద్ద నతానియేలుగారు అప్పటికే రెండు గ్లాసులూ బల్ల మీద పెట్టేరు.

"అవి తీసేయండి. వాళ్లిద్దరూ గిన్నెలోనే తాగుతారు, వాళ్ల తర్వాత నేను తాగుతాను" అన్నాను.

"మీ చీటీ బాగానే ఉందమ్మా, మరి జనం..." అని ఆయన నసిగేరు.

"ఆయ్, జనానికి చూపిద్దామనే వచ్చేనండి."

గిన్నె సుగుణకి వెళ్లింది, రూతుకి వెళ్లింది, నాకొచ్చింది. అందరూ చూస్తుండగా తాగేను. ఎంత మురిసిపోయేనో!

బయట చెప్పులేసుకుంటుంటే రూతు నా దగ్గరకొచ్చింది. "సిస్టరుగారండీ, ఒకటడగనా? గిన్నె తిప్పుకుని అవతలి అంచున తాగేరెందుకండి?"

లేదనబోయేను. నా చెయ్యి ఏం చేసిందో అప్పుడు గుర్తొచ్చింది. నర్సు అలవాటని బొంకుదామనుకున్నాను కూడా. పన్నెండేళ్లు ఊరందరినీ తిట్టిపోసిన దాన్ని, నా మీద నాకే అసహ్యం వేసింది. "తప్పయిపోయిందమ్మా" అన్నాను.

మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లి రూతు పక్కనే కూర్చున్నాను. రూతు తాగింది. గిన్నెని నిదానంగా తిప్పి, తన పెదవులు తగిలిన అంచు నా వైపుకి పెట్టి అందించింది.

అక్కడే తాగేను.