ఆమె టైపు చేసిన మాట

పుస్తకాలకు పేర్లు పెట్టేది రచయితలు. ఆ పుస్తకం దేని గురించో చెప్పే మాటను ఖాయం చేసేది నాలాంటివాళ్ళు. ఒకరు షుగర్ అని వెతుకుతారు, ఇంకొకరు డయాబెటిస్ అని వెతుకుతారు. ఇద్దరూ ఒకే అర దగ్గరకు చేరాలంటే కేటలాగులో ఒక మాటను నిలబెట్టి, మిగిలినవాటిని దానికి కలపాలి. వర్జీనియాలో, హెర్న్‌డన్‌లోని మా ఇంటి నుంచి అరగంట డ్రైవ్ దూరంలో ఒక లైబ్రరీలో నేను చేసే ఉద్యోగం అదే. మా దగ్గర ఉండటానికి వచ్చిన అత్తగారు అంతా విని, "అయితే పొద్దస్తమానం మాటలు సర్దుతుంటావన్నమాట" అన్నారు. అంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

నా పని వెనక గదిలో. ముందు డెస్క్‌లో వాళ్ళెవరైనా సెలవు పెడితే మాత్రం శనివారాలు నేను వెళ్ళి కూర్చుంటాను. అలా కూర్చున్న ఒక ఉదయం, కేటలాగు చూసుకునే కంప్యూటర్ ముందు ముప్పై ఏళ్ళ అమ్మాయి ఏదో టైపు చేయడం, చెరిపేయడం గమనించాను. ఆమె కోటు చేత్తో పట్టుకుని భర్త కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇద్దరూ తెలుగులో ఏదో అనుకుంటుంటే లేచి వెళ్ళాను.

"ఏమైనా వెతికి పెట్టనా అండీ?"

తెలుగు వినగానే ఉలిక్కిపడి, తర్వాత స్క్రీన్ నా వైపు కాస్త తిప్పింది. 'లాస్ట్ బేబీ' అని టైపు చేసింది. వచ్చినవన్నీ తల్లి నుంచి తప్పిపోయిన బాతుపిల్ల బొమ్మల కథలు, పసిపిల్లల్ని ఎవరో ఎత్తుకుపోయే డిటెక్టివ్ నవలలు.

"ఇవి కాదండి," అంది. కొంచెం ఆగి, "మా పాప... ఎనిమిదో నెలల. కడుపులనే. హాస్పిటల్‌ల ఒక వర్డ్ చెప్పిన్రు. అది టైప్ చేయబుద్ధి అయితలేదు."

ఆ మాట నాకు తెలుసు. ఆ పుస్తకాలన్నీ మా కేటలాగులో దాని కిందే ఉన్నాయి. నేను కూడా ఆ మాట పైకి అనలేదు.

"రండమ్మా," అని అర దగ్గరకు తీసుకువెళ్ళాను. ఒక తల్లి రాసిన సన్నటి పుస్తకం తీసి ఇచ్చాను. ఆమె అట్ట మీద చెయ్యి ఆనించి నిలబడింది, తెరవలేదు. భర్త వచ్చి, మెల్లగా తీసుకుని, మొదటి పేజీ నిలబడే చదివాడు. తర్వాత నన్ను అడిగాడు.

"నాన్నలకి ఏమన్న ఉంటదా అండి?"

ఒకటి ఉంది. కింది వరసలో వెనక్కి జరిగిపోయి ఉంటే వంగి తీసి ఇచ్చాను.

సోమవారం మా సూపర్‌వైజర్‌తో ఈ సంగతి చెప్పాను. జుట్టంతా నెరిసిన అమెరికన్ ఆవిడ, మాట విషయంలో ఎవరినీ ఉపేక్షించదు. 'లాస్ట్ బేబీ' అని కొట్టినా ఆ పుస్తకాలు కనిపించేలా కలుపుదామన్నాను.

"తప్పిపోయిన పిల్లల గురించి వెతికేవాళ్ళూ అదే కొడతారు," అంది. "నోటికొచ్చిన ప్రతి మాటకీ దారి వేస్తూ పోతే ఇక కేటలాగెందుకు?"

ఆవిడ చెప్పినదీ నిజమే. "రెండు దారులూ చూపిద్దాం. ఎటు వెళ్ళాలో వాళ్ళకు తెలుస్తుంది," అన్నాను.

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ అమ్మాయి అసలు మాట టైపు చేయలేకపోయిందా?"

"లేదు. నాకూ నోరు రాలేదు."

కళ్ళజోడు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నేను పుట్టకముందు మా అమ్మకీ అలాగే జరిగింది," అంది. "మా ఇంట్లో దానికి మాటే లేదు. ఏటా ఒకరోజు అమ్మ వంట చేసేది కాదు. ఆ రోజు మేం శాండ్‌విచ్‌లు తినేవాళ్ళం. ఎందుకని ఎవరమూ అడగలేదు."

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం పక్కపక్కన కూర్చుని, అలాంటి మనిషి ఏ మాటతో వెతకవచ్చో ఆలోచించాం. 'ఏంజెల్ బేబీ' వద్దన్నాను, దేవదూతల్ని అందరూ నమ్మరు కదా అని. "నమ్మేవాళ్ళు వెతుకుతారు," అని ఆవిడే అది చేర్చింది.

కొన్ని వారాల తర్వాత ముందు డెస్క్ నుంచి నన్ను పిలిచారు. ఆ అమ్మాయి పుస్తకాలు తిరిగి ఇచ్చేసి, నా కోసం ఆగింది.

"అక్కా, ఆయన ఆ నాన్నల బుక్ ఇన్ని దినాలు కార్‌లనే పెట్టుకున్నడు. లంచ్ టైంల ఆఫీస్ పార్కింగ్‌ల కూసొని చదివిండు. ఇంట్ల చదివితే నేను ఏడుస్తనని." తల వంచుకుని బ్యాగు జిప్పు అటూ ఇటూ లాగింది. "పాపకి పేరు పెట్టుకున్నం. చెప్పనా?"

"చెప్పమ్మా."

చెప్పింది. రెండక్షరాల పేరు, పలకడానికి హాయిగా ఉంది. నేనూ ఒకసారి పైకి అన్నాను.

"మేమిద్దరం కాక ఇంకెవ్వరు అనలేదు ఆ పేరు," అంది. కళ్ళు నిండినా ముఖంలో నవ్వు ఉంది. "మల్లొకసారి అంటరా, అక్కా?"

అన్నాను.